సొట్ట

స్టోన్‌హౌస్‌పేటలో మాది నాటకాల డ్రెస్సుల కొట్టు.
ఏ రాజు కోపం ఎంతో నాకు చెమట చెప్తుంది.
మఖమలు చంకల్లో తెల్లగా ఉప్పు పేరుకుంటే
వేషగాడు గట్టివాడని లెక్క.
కొలువు సీను రాజులు కూర్చుని కూర్చుని
వెనక కుట్టు విప్పి తెస్తారు.
కోనమనాయుడి వేషం మాత్రం వేరు.

ఉదయగిరి దుర్గం, రెండో అంకం.
బావమరిదీ మంత్రీ ఏకమై దొంగజాబు పుట్టిస్తారు.
నిండు కొలువులో ఉంగరం లాగేస్తారు, కత్తి లాగేస్తారు,
పొలిమేర దాటిపొమ్మంటారు.
అప్పుడాయన కిరీటం తీసి వాళ్ళ కాళ్ళ మీదికి విసిరి
పద్యం ఎత్తుకోవాలి.
అందుకే ఆ కిరీటానికి డిపాజిట్ ఎక్కువ.

పాతికేళ్ళలో ఎందరో విసిరారు.
కావలి టైపు మిషను మాస్టరు
దిండు మీదికి పిల్లిని వదిలినట్టు వదిలాడు.
కోవూరు చక్కెర ఫ్యాక్టరీ ఫోర్‌మన్ విసిరి, తెర పడ్డాక
"పూసలేమన్నా రాలాయా మస్తానన్నా" అని
మోకాళ్ళ మీద వెతికిపెట్టాడు.
"అదిగో నా దారి" అన్న చోట
అందరూ ఎడం చెయ్యి వింగు వైపే చాపేవాళ్ళు.
అటే గదా అడివి.

ఆ ఏడు, బుచ్చి దాటినాక కాలవ గట్టున ఓ ఊళ్ళో ఆట.
ఫోర్‌మన్‌కి గొంతు పోయింది.
కాలవ అవతలి వాడ నుంచి జక్రయ్యని పిలిచారు.
పందిరి తాడుకి అవతల నిలబడి ఇరవై ఏళ్ళు విని
పుస్తకం లేకుండా నాటకమంతా నోటికొచ్చినవాడు.
రంగు నేనే వేశా.
మెడకి హారం కట్టబోతే తనే వంగాడు, అలవాటుగా.
"రాజువి గదబ్బయా, నేనే ఎక్కుతాలే" అని
ట్రంకుపెట్టె ఎక్కాను.

కిరీటం విసిరాడు.
మంత్రి వేషం నిజంగానే పక్కకి దూకింది.

  నాదు నుప్పు తిన్న నోట నన్ను పొమ్మన్నారు గదరా!
  మీ గాదె గింజ మొలవకుండుగాక,
  మీ బావి...

బావి దగ్గర ఆగాడు.
హార్మోనియం ఒక్క మెట్టు మీద వేలు పెట్టి కాచుకుంది.

  ...బావి చేద తెగుగాక, మీరు పెట్టిన దీపము
  గాలి లేకయె ఆరుగాక! అదిగో నా దారి!

చెయ్యి వింగు వైపు పోలేదు.
తిన్నగా ముందు వరస కుర్చీల మీదుగా
ఊళ్ళోకి పోయింది.
వీడికి దిక్కు తెలీదే అనుకున్నా.
బయటంటే వాడికి ఇల్లు గదా, ఇంకెటు చూపిస్తాడు
అని నాకు తోచేసరికి
ముందు వరస "వన్స్ మోర్" అని అరుస్తోంది.
ప్రెసిడెంటుగారు లేచి నిలబడి మరీ.

రెండోసారి తిట్టించుకుని ఇంకా పెద్దగా చప్పట్లు.

మూడోసారి జక్రయ్య రాగం తియ్యలేదు.
హార్మోనియం వైపు అరచెయ్యి చూపించి ఆపి
ఊరికే చెప్పాడు,
కొలగాడు ధాన్యం లెక్క చెప్పినట్టు.
గాదె. గింజ. బావి. చేద.
పిలకాయలెవరో నవ్వబోయి మానుకున్నారు.
కుర్చీల్లో ఒక కండువా సర్దుకుంది.
నాలుగోసారి ఎవరూ అడగలేదు.

తెల్లారుజామున వేషం విప్పాం.
మీసం గమ్ముకి పైపెదవి తోలు రొంత లేచింది,
కొబ్బరినూనె అడిగాడు.
ప్రెసిడెంటు పిన్నుతో గుచ్చిన వంద నోటు
అంగీకే ఉంది. ఇవ్వబోతే
"డ్రెస్సుకిచ్చారన్నా, నీదే" అన్నాడు.
కళ్ళకి కాటిక కడుక్కోకుండానే
కాలవ దాటి ఇంటికి పోయాడు.

కొట్టుకొచ్చి చూస్తే
కిరీటానికి ఎడం పక్క సొట్ట.
చిన్న సుత్తితో తడితే రెండు నిమిషాల పని.
డిపాజిట్ మొత్తం తిరిగిచ్చేశా, సొట్ట అట్టే ఉంచా.
అద్దెకొచ్చినవాళ్ళు అడుగుతుంటారు,
ఇదేంది మస్తానన్నా అని.
పెట్టుకుని చూడండి అంటా.
కొందరికి చెవి పైన నొక్కుతుందంట.